నడకదారి మూసేయడమంటే ఏమిటి? అంటువ్యాధి వేళ అలిపిరి నుంచి తలకోన దాకా

అంటువ్యాధి కబురు వచ్చిందంటే తిరుపతిలో వెంటనే మొదలయ్యే ప్రశ్న ఒకటుంది: నడకదారి తెరిచే ఉందా? అడిగేవాళ్లు ఒక్కరకం కాదు. మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి మెట్లెక్కేవాళ్లు, షుగర్ అదుపులో ఉండాలని తెల్లారకముందే యూనివర్సిటీ రోడ్ల మీద, ప్రకాశం పార్కులో నడిచేవాళ్లు, ఆదివారం తలకోన జలపాతానికి బండ్లు తీసే కుర్రాళ్లు, చిత్తూరులో కట్టమంచి చెరువు కట్ట మీద పొద్దున పూట కలుసుకునే పెద్దవాళ్లు, ఆ దారుల వెంట మజ్జిగ, మామిడి ముక్కలు అమ్ముకుని బతికేవాళ్లు. అందరూ అడిగేది ఒకే ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, ఒక్కో దారికి జవాబు వేరు. ఎవరు మూస్తారు, ఏ చట్టం కింద, ఎంతవరకు, ఎందుకు అన్నవి విడివిడిగా చూడకపోతే, ఆరుబయట గాలి ఆడే చోటే ఎందుకు మూశారన్న గందరగోళం తీరదు.

ఎమర్జెన్సీ ప్రకటనతోనే గేటు మూతపడదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది 2020 జనవరి 30న. ఆ రోజు తిరుపతిలో ఏ దారీ మూతపడలేదు. 2024 ఆగస్టు 14న ఎంపాక్స్ (మంకీపాక్స్) విషయంలోనూ అదే ప్రకటన వచ్చింది. అప్పుడూ అలిపిరిలో జనం ఎప్పటిలాగే నడిచారు. ఆ ప్రకటన దేశాలకు హెచ్చరిక. మన ఊళ్లో గేటుకు తాళం వేసే అధికారం దాని వల్ల ఎవరికీ రాదు.

ఆ అధికారం మూడు నాలుగు చట్టాల్లో విడివిడిగా ఉంది. 1897 నాటి అంటువ్యాధుల చట్టంలోని 2వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి తాత్కాలిక నిబంధనలు చేసే వీలిస్తుంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉంటుంది, దానికి కలెక్టరే అధ్యక్షుడు. ప్రమాదమున్న ప్రాంతంలోకి మనుషులు రావడాన్ని, అందులో తిరగడాన్ని, బయటికి పోవడాన్ని అదుపు చేసే అధికారం 34వ సెక్షన్ ఆ సంస్థకు ఇచ్చింది. మూడోది, అందరి నోటా 144 సెక్షన్‌గా నలిగినది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్. దాని కింద ఇచ్చిన ఉత్తర్వు 2 నెలలకు మించి నిలవదు. రాష్ట్ర ప్రభుత్వం పొడిగిస్తేనే ఇంకో 6 నెలల దాకా సాగుతుంది.

ఉత్తర్వును ధిక్కరిస్తే భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్ వర్తిస్తుంది. ఆ ధిక్కారం వల్ల మనుషుల ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు వచ్చే పరిస్థితి ఉంటే ఏడాది వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా ఉండొచ్చు. ఇది ఉత్తర్వును ధిక్కరించినప్పటి మాట. "దయచేసి రావద్దు" అన్న విజ్ఞప్తిని పట్టించుకోకపోతే ఇది వర్తించదు. ఈ రెండింటి మధ్య తేడా చాలామందికి తెలియదు. గేటు దగ్గరి గార్డుకూ చాలాసార్లు తెలియదు.

ఒక్కో దారికి ఒక్కో తాళం

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, 2.1 కిలోమీటర్లు. రెండింటినీ నడిపేది టీటీడీ. ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి, ఎందరికి టోకెన్లివ్వాలి అన్నది రోజువారీగా ఆ సంస్థ చేతిలోనే ఉంటుంది. 2020 మార్చి 20 నుంచి తిరుమలలో భక్తులకు దర్శనాలు ఆపింది టీటీడీ. దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైంది 25న. అంటే తొలి కొద్ది రోజులు అది సంస్థ తనంతట తాను తీసుకున్న నిర్ణయం, ఆపైన చట్టం బలంతో సాగిన మూసివేత. నడిచేవాడికి రెండూ ఒకేలా కనిపించాయి. తిరిగి తెరిచేటప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది. మొదటి రకాన్ని బోర్డు సమావేశంలో మార్చుకోవచ్చు. రెండో దానికి ఢిల్లీ నుంచి మార్గదర్శకాలు రావాలి.

ఆ మెట్ల చుట్టూ ఉన్న అడవి సంగతి వేరు. శేషాచలం కొండల్లో 353 చదరపు కిలోమీటర్లు 1989 నుంచి శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు. తలకోన జలపాతం దాని లోపలే ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేషనల్ పార్కులోకి పోవడానికి అనుమతి కావాలి. టికెట్ కొనడమంటే ఆ అనుమతి తీసుకోవడమే. కాబట్టి తలకోనను మూయడానికి అటవీ శాఖకు అంటువ్యాధి చట్టం అక్కర్లేదు. టికెట్ ఆపేస్తే చాలు, లోపలికి పోవడం నేరమవుతుంది. 2020 ఏప్రిల్‌లో జరిగింది ఇంచుమించు ఇదే. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో ఒక పులికి కోవిడ్ సోకిందని తేలిన మర్నాడే, అభయారణ్యాల్లో, నేషనల్ పార్కుల్లో జనం రాకపోకలు తగ్గించమని కేంద్ర పర్యావరణ శాఖ రాష్ట్రాలకు రాసింది. అక్కడ కాపాడాలనుకున్నది మనుషుల్నే కాదు, జంతువుల్ని కూడా.

ఊళ్లోని పార్కులు, చెరువు కట్టల మీది వాకింగ్ ట్రాకులు కార్పొరేషన్ పరిధిలోవి. క్యాంపస్ రోడ్లు ఆయా విశ్వవిద్యాలయాల పాలకులవి. వీటన్నిటి మీదా కలెక్టర్ ఉత్తర్వు చెల్లుతుంది గానీ, కలెక్టర్ ఉత్తర్వు లేనప్పుడు ఎవరి తాళం వారిదే. అందుకే ఒకే ఉదయం పార్కు మూసి ఉండి, కూతవేటు దూరంలోని క్యాంపస్ తెరిచి ఉండొచ్చు. ఇద్దరూ తప్పు చేసినట్టు కాదు.

అలిపిరి, శ్రీవారి మెట్టు విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఇవి మతాచారంలో భాగమైన దారులు. రాజ్యాంగంలోని 25వ అధికరణం మతస్వేచ్ఛను ఇస్తూనే, అది ప్రజా శాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి ఉంటుందని మొదటి వాక్యంలోనే చెప్పింది. స్వేచ్ఛగా తిరిగే హక్కు మీద 19వ అధికరణం సహేతుకమైన ఆంక్షలను ఒప్పుకుంటుంది. 2020 జనవరిలో, కశ్మీర్ ఆంక్షల మీద వచ్చిన అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు 144 ఉత్తర్వుల గురించి చెప్పిన మాట ఇక్కడా పనికొస్తుంది: ఉత్తర్వును ప్రచురించాలి, ఆంక్ష ప్రమాదానికి తగ్గ మోతాదులో ఉండాలి. కాబట్టి ఆరోగ్యం పేరుతో దారి మూయవచ్చా అన్నదాంట్లో పెద్ద వివాదం లేదు. ఎంత మూయాలి, ఎన్నాళ్లు మూయాలి అన్నచోటే వాదన మొదలవుతుంది.

మూసివేత ఒక్కటే రకం కాదు

పత్రికలో "నడకదారి మూసివేత" అని వచ్చేది నిజానికి అయిదు రకాల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది. అన్నిటికన్నా తేలికైనది విజ్ఞప్తి: పెద్దలు, గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్లు రావద్దని చెప్పడం. దాని తర్వాతది సౌకర్యాలు ఆపడం. దారి తెరిచే ఉంటుంది, కొట్లు, మరుగుదొడ్లు, పార్కింగ్ మాత్రం మూస్తారు. మూడోది వేళలు లేదా సంఖ్య తగ్గించడం. నాలుగోది దారిలో ఇరుకు భాగాన్ని మాత్రం మూసి, మిగతాది వదిలేయడం. చివరిది పూర్తి నిషేధం.

మూడో రకానికి తిరుపతిలో మంచి ఉదాహరణే ఉంది, అయితే అది జబ్బుకు సంబంధించినది కాదు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయింది. దారి మొత్తం మూసేయకుండా, 15 ఏళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం 2 తర్వాత అనుమతించకూడదని నిర్ణయించారు. ప్రమాదం ఎవరికి, ఏ వేళ ఎక్కువో తెలిసింది కాబట్టి ఆంక్షను అంతవరకే పరిమితం చేయగలిగారు. కొత్త వైరస్ వచ్చిన తొలి వారాల్లో ఆ రెండూ తెలియవు. పూర్తి నిషేధాన్ని సమర్థించేవాళ్లకు ఉన్న అతి బలమైన కారణం ఇదే.

రెండో రకం మాత్రం కాగితం మీద మధ్యేమార్గంలా కనిపించి, నేల మీద తరచూ బెడిసికొడుతుంది. మరుగుదొడ్లు మూసి దారి తెరిచి ఉంచితే 9 కిలోమీటర్ల దారిలో జనం పక్కనున్న పొదల్లోకి పోతారు. గాలి ద్వారా వచ్చే జబ్బును ఆపబోయి నీళ్ల ద్వారా వచ్చే జబ్బుకు తలుపు తీసినట్టవుతుంది.

శ్రీవారి మెట్టు మీద ఒక లెక్క

గాలి ద్వారా సోకే జబ్బు అనుకుందాం. దగ్గరగా, ఎక్కువసేపు ఉండటం వల్ల ప్రమాదం పెరుగుతుంది. మరి నడిచేటప్పుడు అపరిచితులకు ఎంత దగ్గరగా, ఎంతసేపు ఉంటాం? కింది అంకెలు లెక్క కోసం అనుకున్నవే, కొలిచినవి కావు.

గంటకు 600 మంది ఎక్కడం మొదలుపెట్టారనుకుందాం. సగం మంది గంటలో, సగం మంది రెండు గంటల్లో పైకి చేరతారు. ఏ క్షణాన చూసినా దారి మీద 300 మంది వేగంగా నడిచేవాళ్లు, 600 మంది నిదానంగా నడిచేవాళ్లు, మొత్తం 900 మంది ఉంటారు. 2,100 మీటర్లను 900తో భాగిస్తే మనిషికి 2.3 మీటర్లు. నలుగురేసి కుటుంబాలుగా నడిస్తే గుంపుకూ గుంపుకూ మధ్య 9 మీటర్ల పైచిలుకు. ఇంతవరకు బాగానే ఉంది.

అసలు విషయం దాటిపోయేటప్పుడు తెలుస్తుంది. గంటలో ఎక్కే మనిషి, తనకన్నా గంట ముందు నుంచి బయల్దేరిన నిదానపు నడకవాళ్లందర్నీ దాటాలి. అంటే 300 మందిని. ఇద్దరి వేగాల తేడా గంటకు 1.05 కిలోమీటర్లు. 2 మీటర్లు వెనకనుండగా మొదలై 2 మీటర్లు ముందుకు పోయేదాకా 4 మీటర్లు లెక్కేస్తే, ఒక్కొక్కరిని దాటడానికి దాదాపు 14 సెకన్లు. ఒక్కొక్కరి దగ్గర గడిపిన సెకన్లన్నీ కూడితే 70 నిమిషాలు. గంటకు 300 మందినే పంపితే ఇది 35 నిమిషాలకు దిగుతుంది. సంఖ్యను తగ్గిస్తే మేలు కలిగేది ఇక్కడ.

ఎదురొచ్చేవాళ్ల సంగతి? దిగేవాళ్ల వేగం, ఎక్కేవాళ్ల వేగం కలిసిపోతాయి కాబట్టి ఒక్కొక్కరి పక్కన ఉండేది నాలుగైదు సెకన్లే. ఒకవైపే నడవాలన్న నిబంధన చూడటానికి పెద్ద జాగ్రత్తలా ఉంటుంది గానీ, దాంతో తగ్గేది ఈ నాలుగైదు సెకన్ల పలకరింపులు మాత్రమే. దాటిపోయేటప్పటి 14 సెకన్లు అలాగే ఉంటాయి. పైగా కిందికి నడిచి దిగకూడదంటే ఆ మనిషి బస్సెక్కాలి.

ఇప్పుడు దారికి రెండు కొసల్లో ఏం జరుగుతుందో చూద్దాం. టోకెన్ కౌంటర్ దగ్గర 40 నిమిషాలు నిలబడితే ముందూ వెనకా పక్కనా కలిపి అయిదుగురి మధ్య ఉంటాం. అయిదు నలభైలు 200 నిమిషాలు. ఘాట్ రోడ్డులో బస్సు దిగడానికి దాదాపు 40 నిమిషాలు. 2 మీటర్ల లోపు పదిమంది కూర్చుంటే 400 నిమిషాలు, అదీ అద్దాలు మూసిన గాలిలో. నడకలో 70, క్యూలో 200, బస్సులో 400.

ఈ లెక్క చెప్పేది ఒక్కటే: దారిని దారిగా విడిగా చూడటానికి వీల్లేదు. పైన దర్శనం సాగుతూ కింద మెట్లదారి మాత్రం మూస్తే, నడిచి పోవాల్సినవాళ్లు బస్సులోకి చేరతారు, ప్రమాదం పెరుగుతుంది. పైన దర్శనమే ఆగితే దారి మూయడం దాని వెంట వచ్చే పర్యవసానం, అందులో ప్రత్యేకంగా చర్చించడానికేమీ లేదు. 2020 జూన్‌లో దర్శనాలు మళ్లీ మొదలైనప్పుడు తొలుత సిబ్బందికి, స్థానికులకు, 11వ తేదీ నుంచి మిగతా భక్తులకు, అదీ రోజుకు కొన్ని వేల మందికే అవకాశమిచ్చారు. దారి మీద రద్దీని అదుపు చేసింది పైన పెట్టిన ఆ పరిమితే.

లెక్కలో పట్టనివి కూడా ఉన్నాయి. మెట్లెక్కేవాడు గట్టిగా ఊపిరి తీసి వదులుతాడు, నోటి నుంచి తుంపరలు ఎక్కువ వస్తాయి. మాస్కు చెమటకు తడిసి పనికిరాకుండా పోతుంది. కూర్చునే మండపాల దగ్గర, నీళ్ల కుళాయిల దగ్గర గుంపు కడతారు. కాబట్టి 70 నిమిషాలన్న అంకెను అందులో ప్రమాదం లేదన్నట్టు చదవకూడదు.

జబ్బు మారితే ప్రమాదం ఉండే చోటు మారుతుంది

కోవిడ్ విషయంలో తర్వాత జరిగిన పరిశోధనల సమీక్షలు, సోకిన కేసుల్లో ఆరుబయట సోకినవి పదింట ఒక వంతు కన్నా తక్కువేనని తేల్చాయి. ఆ అనుభవాన్ని ప్రతి జబ్బుకూ అంటగట్టలేం.

కలరా, విరేచనాల వంటివి వస్తే దారి మీద ఎడం పాటించి లాభం లేదు. చూడాల్సింది కుళాయి. మామూలు రోజుల్లో తాగునీటిలో మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలన్నది భారతీయ ప్రమాణం. వైరస్‌ల నుంచి రక్షణ కావాల్సి వస్తే అదే 0.5. ట్యాంకు దగ్గర 0.5 ఉందని ఊరుకుంటే సరిపోదు, పొడవాటి పైపులో చివరి కుళాయికి చేరేసరికి తగ్గిపోతుంది. నీళ్లలో క్లోరిన్ కొలిచే క్లోరోస్కోప్‌తో పరీక్ష చేయాల్సింది అన్నిటికన్నా దూరంగా ఉన్న కుళాయి దగ్గర. అది సరిగా లేకపోతే ఆ కుళాయిని కట్టేయాలి, దారిని కాదు.

స్క్రబ్ టైఫస్ మన ప్రాంతపు ఆసుపత్రులకు కొత్త జబ్బు కాదు. వానల తర్వాత, చలికాలం మొదట్లో ఎక్కువగా కనిపిస్తుంది. పొదల్లో, ఎత్తుగా పెరిగిన గడ్డిలో ఉండే చిగ్గర్ అనే సన్నటి పురుగు కుట్టడం వల్ల వస్తుంది, మనిషి నుంచి మనిషికి అంటదు. కుట్టినచోట నల్లటి పొక్కు కట్టొచ్చు. డాక్సీసైక్లిన్‌తో తొందరగా తగ్గుతుంది. ఆలస్యం చేస్తే ప్రాణాంతకం. అలిపిరి మెట్ల లాంటి రాతిదారి మీద దీని ముప్పు తక్కువ. చెరువు కట్ట పక్కన గడ్డి పెరిగిన మట్టి బాట మీద ఎక్కువ. దారికి అటూ ఇటూ గడ్డి కోయిస్తే సగం పని అయినట్టే. ఈ జబ్బుకు రాతిమెట్ల దారి మూసి, గడ్డి పెరిగిన బాటను వదిలేస్తే ఫలితం ఉండదు.

దారే జబ్బును మోసే సందర్భాలు కూడా ఉన్నాయి. 2001లో బ్రిటన్‌లో పశువులకు గాలికుంటు వ్యాపించినప్పుడు పల్లెల్లోని కాలిబాటలను విస్తారంగా మూశారు. ఆ వైరస్ బూట్ల అడుగున మట్టిలో ఒక మంద నుంచి ఇంకో మందకు ప్రయాణిస్తుంది. అక్కడ ఒంటరిగా నడిచే మనిషి కూడా ప్రమాదమే, ఎడం పాటించినా ఉపయోగం లేదు. కర్ణాటకలోని శివమొగ్గ వైపు 1957 నుంచి తెలిసిన క్యాసనూర్ అటవీ జ్వరంలోనూ అంతే. కోతులు చనిపోయిన చోట ఆ జ్వరాన్ని అంటించే పిడుదులుంటాయి, ఆ అడవిబాటలోకి అడుగుపెట్టకపోవడమే జాగ్రత్త.

రెండు వైపుల వాదనలు

మూయాలనేవాళ్లు మొదట చెప్పేది తెలియనితనం గురించి. వైరస్ స్వభావం తెలిసేలోపు పొరపాటు చేయాల్సి వస్తే, ఎక్కువ మూసి చేసిన పొరపాటును దిద్దుకోవచ్చు, తక్కువ మూసి చేసినదాన్ని దిద్దుకోలేం. రెండోది ఆసుపత్రి పడకలు. మెట్ల మీద గుండెపోటు వచ్చినా, కాలు విరిగినా, డోలీలోనో స్ట్రెచర్ మీదో నలుగురు మోసుకు రావాలి, ఆ తర్వాత తిరుపతి పెద్దాసుపత్రులైన రుయాలోనో స్విమ్స్‌లోనో పడక కావాలి. ఆ రోజుల్లో ఆ నలుగురూ, ఆ పడకా అరుదైనవి. 2020 మార్చిలో న్యూజిలాండ్ పూర్తి లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇంటి దగ్గర నడవనిచ్చి, కొండల్లో నడకను మాత్రం వద్దన్నది ముఖ్యంగా ఈ కారణంతోనే. మూడోది ప్రయాణం. తలకోనలో గాలి శుభ్రంగా ఉండొచ్చు, కానీ అక్కడికి చెన్నై నుంచి, బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు దారి పొడవునా ఆగుతారు. తలకోన దగ్గరి పల్లెల్లో ఒక పెద్ద ఆసుపత్రి లేదు.

తెరిచి ఉంచాలనేవాళ్ల మాటల్లోనూ అంతే బరువుంది. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతుంది. షుగర్, బీపీ ఉన్న మనిషికి నడక సరదా కాదు, మాత్రతో సమానమైన వైద్యం. మిద్దె, పెరడు ఉన్నవాళ్లు ఇంట్లో నడుస్తారు. ఒక్క గది ఇంట్లో నలుగురుండే కుటుంబానికి పార్కే మిద్దె, పార్కే పెరడు. దాన్ని మూసే ముందు ఈ కుటుంబాన్ని తలుచుకోవడం కనీస ధర్మం. ఇక బతుకుదెరువు: మెట్ల వెంట కొట్లవాళ్లకు, తలకోనలో టికెట్లు, బసల ఆదాయంతో నడిచే వన సంరక్షణ సమితి కుటుంబాలకు దారి మూతపడ్డ రోజే కూలి ఆగిపోతుంది. మూసివేత ఉత్తర్వుల్లో వీళ్ల ప్రస్తావన సాధారణంగా ఉండదు.

ఈ రెండు వైపులవాళ్లూ ఒకే దారి గురించి మాట్లాడటం లేదన్నది గమనించాలి. పడకలు, ప్రయాణం గురించిన వాదన తలకోనకు గట్టిగా వర్తిస్తుంది, ప్రకాశం పార్కుకు చాలా తక్కువ. మందులాంటి నడక అన్న వాదన ప్రకాశం పార్కుకు సరిపోతుంది, జలపాతం దాకా ఎక్కే అడవిబాటకు సరిపోదు. అన్నిటినీ ఒకే ఉత్తర్వులో కట్టేసినప్పుడే తగువు ముదురుతుంది.

చిరుతకు గుంపు, వైరస్‌కు ఎడం

శేషాచలంలో మాత్రమే ఎదురయ్యే ఒక పీటముడి ఉంది. చిరుత భయం ఉన్న దారిలో అటవీ శాఖ చెప్పేది గుంపుగా నడవమని, మాట్లాడుకుంటూ పొమ్మని, పిల్లల్ని మధ్యలో ఉంచుకొమ్మని. ఆరోగ్య శాఖ చెప్పేది గుంపు కట్టవద్దని, ఎడంగా నడవమని. అలిపిరి మెట్ల మధ్యలో వచ్చే గాలిగోపురం దాటాక అడవి మధ్యగా సాగే భాగంలో ఈ రెండు సలహాలూ ఒకే మనిషికి ఒకేసారి వర్తిస్తాయి. సంఖ్య బాగా తగ్గించి తెరిస్తే మరీ చిక్కు, ఎందుకంటే ఎడమెడంగా నడిచే కొద్దిమందిని చూసి జంతువు బెదరదు.

దీనికి చేయగలిగింది గుంపును కూర్చే పద్ధతిని మార్చడం. ముక్కూమొహం తెలియని వందమందిని ఒకచోట నిలబెట్టి గార్డు వెంట పంపే బదులు, ఒకే ఇంటివాళ్లు, కలిసి వచ్చినవాళ్లు అయిదారుగురు ఒక గుంపుగా, గుంపుల మధ్య 20, 30 అడుగుల ఎడంతో వరసగా పంపవచ్చు. ముందు గుంపు కనుచూపు మేరలో ఉంటుంది కాబట్టి దారి ఒంటరిగా ఉండదు. గార్డులు గుంపు వెంట నడవకుండా దారి వెంట నిలబడాలి. దీనికి మనుషులు ఎక్కువ కావాలి, అంటువ్యాధి రోజుల్లో దొరకనిది వాళ్లే. చాలినంత సిబ్బంది లేకపోతే ఆ అడవి భాగాన్ని మూయడం తప్ప వేరే మార్గం కనిపించదు. అంటే నాలుగో రకం మూసివేత: అలిపిరి నుంచి గాలిగోపురం దాకా తెరిచి, పైభాగం ఆపడం. మొక్కు ఉన్నవాళ్లకు అది సగం మొక్కే. వ్యాయామానికి వచ్చేవాళ్లకు మాత్రం రెండు వేల చిల్లర మెట్లు చాలు.

మూసినప్పుడు బెడిసికొట్టే చోట్లు

ఒకచోట మూస్తే జనం ఇంకోచోటికి పోతారు. 2020 మార్చిలో వేల్స్‌లో స్నోడోనియా కొండలకు ఒక్క వారాంతంలో ఎన్నడూ లేనంత జనం వచ్చారు. సినిమా హాళ్లు, హోటళ్లు మూతపడటంతో అందరికీ మిగిలింది కొండే. వెంటనే అక్కడి ప్రభుత్వం రద్దీ పడే కాలిబాటలు మూసేందుకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తిరుపతిలో పార్కులన్నీ మూస్తే జనం చేరేది కపిలతీర్థం రోడ్డు మీదికి, బండ్ల మధ్యకు.

వేళలు కుదించడంలోనూ ఇదే జరుగుతుంది. 2021 మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా కర్ఫ్యూ ఉండింది. ఒక ట్రాక్ మీద 400 మంది తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య నడుస్తారనుకుంటే గంటకు వంద. ఆరు కాకముందు ఇల్లు కదలకూడదంటే, ఎండ ముదరకముందే ముగించాలి కాబట్టి ఆ 400 మందీ ఆరుకూ ఎనిమిదికీ మధ్యనే వస్తారు. గంటకు 200. మనుషుల సంఖ్య తగ్గలేదు, రద్దీ రెట్టింపైంది.

ఇంకా చిన్నవే గానీ ఎక్కువ నష్టం చేసేవి ఉన్నాయి. "మూసివేయబడినది" అని మాత్రమే రాసి, ఎవరి ఉత్తర్వో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో రాయని బోర్డు. నెల దాటాక దాన్ని ఎవరూ నమ్మరు, తీసేయడం కూడా ఎవరికీ గుర్తుండదు. పెద్ద గేటుకు తాళం వేసి పక్కనున్న కంచె కంతను వదిలేస్తే లోపలికి పోయేవాళ్లు పోతూనే ఉంటారు, ప్రమాదం జరిగితే వాళ్లు లోపల ఉన్నారని ఎవరికీ తెలియదు. పార్కింగ్ మూస్తే బండ్లు రోడ్డు అంచున ఆగుతాయి, అంబులెన్సుకు దారి ఉండదు. ఏడాదికి ఒక్కసారి పౌర్ణమి నాడు అడవిబాటలో వేలమంది నడిచే తుంబురు తీర్థ ముక్కోటి లాంటివాటికి రోజువారీ దారుల నిబంధన అసలు పనికిరాదు. వాటికి విడిగా, వారాల ముందే నిర్ణయం చెప్పాలి, లేకపోతే జనం బయల్దేరాక చెప్పినట్టవుతుంది.

తిరిగి తెరిచే ముందు

నెలల తరబడి అడుగు పడని దారి మూసిన రోజు ఉన్నట్టు ఉండదు. పైపుల్లో నిలిచిన నీళ్లు మొదట పూర్తిగా వదిలేయాలి, ట్యాంకులు కడిగి క్లోరిన్ కలిపి చివరి కుళాయి దగ్గర పరీక్ష చేయాలి. మంచి బ్లీచింగ్ పౌడర్ అయితే 1,000 లీటర్లకు 2.5 గ్రాములు మామూలు మోతాదు. మూత తీసి ఉంచిన పాత డబ్బాలో బలం పోయి ఉంటుంది కాబట్టి కొలతను నమ్మకుండా పరీక్షను నమ్మాలి. ఆకులు కుళ్లి రాతిమెట్లు పాకుడు పడతాయి, మొదటి వాన రోజున జారేది అక్కడే. పైకప్పు రేకులు, రెయిలింగులు, విరిగిన కొమ్మలు, తేనెతుట్టెలు చూడాలి.

అన్నిటికన్నా ముందు అడవి సంగతి. 2020 లాక్‌డౌన్‌లో తిరుమల రోడ్ల మీదికి జింకలు, ఎలుగుబంట్లు, చిరుతలు వచ్చాయి. మనిషి అలికిడి లేని దారిని జంతువులు తమ దారిగా చేసుకుంటాయి. తెరిచిన మర్నాడే అవి మానవు. కెమెరా ట్రాపులతో వాటి రాకపోకలు గమనించి, కొద్ది రోజులు పగటి వేళ సిబ్బందిని మాత్రమే నడిపించి, అలికిడి అలవాటు చేశాక జనాన్ని వదలడం మంచిది. ఆ రోజుల్లో మామిడి ముక్కల కొట్లు తెరవనివ్వకపోవడం అన్యాయంలా కనిపిస్తుంది గానీ, కొట్టు వెనక పారేసిన తొక్కలకు కుక్కలు, కుక్కల కోసం చిరుత వస్తాయి. కొట్లవాళ్లను పిలవాల్సింది చెత్త ఎత్తే ఏర్పాటు మొదలైన రోజున. ఆ తేదీని వాళ్లకు ముందే చెప్పాలి, ఎందుకంటే సరుకు అప్పు తెచ్చుకోవడానికి వాళ్లకు వారం పడుతుంది.